పైకప్పు అందరిదీ.. ఎండ మాత్రం పై అంతస్తుదే!

మీ ఇంటి కరెంట్ బిల్లును ఎప్పుడైనా చదివారా? కట్టడం కాదు, చదవడం. ఫోన్‌లో డిస్కం యాప్ తెరిచి మార్చి, ఏప్రిల్, మే నెలల బిల్లులు పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఇంట్లో మనుషులు పెరగలేదు. కొత్త వస్తువేదీ కొనలేదు. అయినా యూనిట్లు మాత్రం మెట్లెక్కినట్టు పైకి పోతాయి. దానికి కారణం ఫ్యానో, కూలరో అనుకుంటాం. అది సగమే నిజం. మిగతా సగం మన నెత్తిమీదే ఉంటుంది. అదే స్లాబు.

మాది హైదరాబాద్ శివార్లలో ఒక డబుల్ బెడ్రూం కాలనీ. బ్లాకులో గ్రౌండ్ ఫ్లోర్ మీద తొమ్మిది అంతస్తులు. మేముండేది తొమ్మిదో అంతస్తులో. మా పైన ఆకాశమే. పోయిన వేసవిలో మా ఇంటి లెక్క ఇదీ: మార్చిలో 148 యూనిట్లు, ఏప్రిల్‌లో 187, మేలో 228. మొదటి రెండు నెలలూ బిల్లు సున్నా. మూడో నెల వెయ్యి రూపాయలు దాటింది.

అదే బ్లాకులో నాలుగో అంతస్తులో మా ఫ్రెండ్ వాళ్లుంటారు. వాళ్లూ నలుగురే. అలాంటి ఫ్యాన్లే, అలాంటి కూలరే. మేలో వాళ్లది 181 యూనిట్లు. బిల్లు సున్నా.

ఒకే బ్లాకు, ఒకే సైజు ఇల్లు, ఒకే ఎండ. తేడా ఎక్కడొచ్చింది?

200 దగ్గర ఒక గీత

తెలంగాణలో ఉండేవాళ్లకు గృహజ్యోతి గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 2024 మార్చి నుంచి తెల్లరేషన్ కార్డున్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు కట్టే పనిలేదు. కానీ 200 దాటితే, దాటిన యూనిట్లకే కాదు, మొత్తం యూనిట్లకీ కట్టాలి. పైగా 200 దాటాక స్లాబ్ రేట్లూ మారిపోతాయి. అంటే 199కీ, 205కీ మధ్య తేడా ఆరు యూనిట్లే, డబ్బులో మాత్రం వెయ్యి రూపాయల పైచిలుకు.

మా పక్కింటి వదిన ఇళ్లలో పనిచేస్తుంది. మే నెల రాగానే మీటర్ ఫొటో తీసి వాట్సాప్‌లో నాకు పంపుతుంది. 'ఇంకెన్ని యూనిట్లున్నయ్ చూడు తమ్మీ' అని. నెలాఖరులో గీత దగ్గరపడితే కూలర్ బంద్. పిల్లలు కారిడార్‌లో చాపేసుకుని పడుకుంటారు. ఇంట్లో ఎంత వేడిగా ఉన్నా ఫ్యాన్ ఒక్కటే తిరగాలి. కింది అంతస్తుల వాళ్లకు ఈ లెక్కలు వేసుకునే అవసరమే రాదు.

కాంక్రీట్ ఏం చేస్తుందంటే..

బూడిదరంగు సిమెంట్ స్లాబు తన మీద పడ్డ ఎండలో ఎక్కువ భాగాన్ని పీల్చుకుంటుంది. పొద్దంతా కాగుతుంది. అసలు కష్టం సాయంత్రం తర్వాత మొదలవుతుంది. బయట గాలి చల్లబడుతున్నా, స్లాబు తాను దాచుకున్న వేడిని మెల్లమెల్లగా ఇంట్లోకి వదులుతుంది. రాత్రి పదకొండింటికి సీలింగ్ కింద చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. సీలింగ్ ఫ్యాన్ ఆ వేడిగాలినే మన మీదికి తోస్తుంది.

దీనికి మందు కొత్తదేం కాదు. పైకప్పు మీద సున్నం కొట్టడం మన తాతల కాలం నుంచీ ఉన్నదే. ఇప్పుడు కూల్ రూఫ్ పూతలు, తెల్ల టైల్స్, పరిచే షీట్లు వచ్చాయి. మంచి పూత కొత్తలో తన మీద పడ్డ ఎండలో పదింట ఏడెనిమిది వంతులు వెనక్కి పంపేస్తుంది. లోపలికి దిగే వేడిని తగ్గిస్తుంది.

ఇది మన ఊళ్లోనే పరీక్షించి చూసిన సంగతి. 2017లో హైదరాబాద్‌లోని దేవరకొండ బస్తీలో 25 పేద ఇళ్ల పైకప్పుల మీద ఎండను తిప్పికొట్టే తెల్ల షీటు పరిచారు. షీటు వేయని ఇళ్లతో పోలిస్తే లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలేనా అనుకోకండి. రాత్రి కూలర్ ఎప్పుడు ఆపొచ్చన్నది ఆ రెండు డిగ్రీల మీదే ఆధారపడుతుంది.

తర్వాత 2023 ఏప్రిల్‌లో తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ వచ్చింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కూల్ రూఫ్‌లు, అందులో 200 హైదరాబాద్‌లోనే ఉండాలన్నది లక్ష్యం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 గజాలు దాటిన స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి. అంతకంటే చిన్న ఇళ్లకు ఇష్టమైతే వేసుకోవచ్చు.

బాగానే ఉంది. కొత్త ఇల్లు కట్టేవాళ్లకు ఏం చేయాలో రూల్ చెప్పగలదు. కానీ ఎప్పుడో కట్టేసి, తాళాలిచ్చేసిన మా బ్లాకు సంగతేంటి? ఉన్న ఇంటిని కూల్చకుండా, తక్కువ కరెంట్‌తో గడిచేలా మార్చడాన్ని రెట్రోఫిట్ అంటారు. రాజీవ్ గృహకల్ప అయినా, డబుల్ బెడ్రూం అయినా, ఆంధ్రలో టిడ్కో ఇళ్లయినా.. అన్నిటి దగ్గరా చివరికి ఒకటే ప్రశ్న: డబ్బులెవరు పెట్టాలి?

'మాకేమొస్తది బిడ్డా?'

లెక్క వేశాను. మా ఒక్కో ఫ్లాట్ 560 చదరపు అడుగులు. అంతస్తుకు ఎనిమిది ఫ్లాట్లు. కారిడార్, మెట్లూ కలిపితే పైకప్పు సుమారు 500 చదరపు మీటర్లు. కూల్ రూఫ్ పాలసీ తెచ్చినప్పుడు చెప్పిన ఖర్చు చదరపు మీటరుకు 300 రూపాయలు. అంటే లక్షన్నర. బ్లాకులో 80 ఇళ్లు. ఇంటికి 1,875 రూపాయలు. ఒక్కసారి ఇస్తే చాలు.

ఈ కాగితం పట్టుకుని అసోసియేషన్ మీటింగ్‌కి వెళ్లాను. గ్రౌండ్ ఫ్లోర్ పెద్దాయన అంతా విన్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

'పైన రంగేస్తే మీ ఇల్లు చల్లగైతది బిడ్డా. మాకేమొస్తది?'

ఆయన అడిగింది తప్పు కాదు. ఆయనది పింఛను డబ్బు. 1,875 అంటే చిన్న మాట కాదు. పోనీ పై అంతస్తు ఎనిమిది ఇళ్లే పెట్టుకుందామంటే ఇంటికి 18,750. అంత డబ్బు మా దగ్గరుంటే ఈ గొడవే లేదు.

అప్పుడు మా అమ్మ లేచింది. 'అన్నా, మీరు లిఫ్ట్ ఎక్కరు గదా, మరి లిఫ్ట్ పైసలు నెలనెలా ఎందుకిస్తున్నరు?' అంది. అందరూ నవ్వారు. పెద్దాయన కూడా. కానీ డబ్బులైతే రాలేదు.

ప్రపంచమంతా పేదల ఇళ్ల రెట్రోఫిట్ ఇక్కడే ఆగిపోతుంది. రంగు దొరక్క కాదు, టెక్నాలజీ లేక కాదు. ఖర్చు ఒకరిది, లాభం ఇంకొకరిది కావడం వల్ల. అద్దె ఇళ్లలో ఖర్చు ఓనర్‌ది, తగ్గిన బిల్లు అద్దెకున్నవాళ్లది. మా బ్లాకులో ఖర్చు 80 ఇళ్లది, చల్లదనం ఎనిమిది ఇళ్లది. ఈ ముడి విప్పితే తప్ప బ్రష్ డబ్బాలో ముంచలేం.

బల్బు చెప్పిన పాఠం

ఈ ముడిని మనం ఒకసారి విప్పాం. గుర్తుందా? ఎల్‌ఈడీ బల్బులు.

2014 మొదట్లో ఒక్కో ఎల్‌ఈడీ బల్బును ప్రభుత్వ సంస్థ ఈఈఎస్‌ఎల్ కొన్న ధర 310 రూపాయలు. పది రూపాయల మామూలు బల్బు వాడే ఇంటివాళ్లను 310 పెట్టమంటే ఎవరు పెడతారు? అందుకని ఈఈఎస్‌ఎల్ ఒక పని చేసింది. బల్బులు టోకున తనే కొంది. జనం నుంచి మొదట పది రూపాయలు తీసుకుని బల్బు చేతికిచ్చింది. మిగతాది నెలనెలా కరెంట్ బిల్లులో చిన్న చిన్న వాయిదాలుగా తీసుకుంది. బల్బు వల్ల తగ్గిన బిల్లుతోనే బల్బు అప్పు తీరిపోయింది. ఆంధ్రప్రదేశ్ ఈ పద్ధతిని ముందుగా అందుకున్న రాష్ట్రాల్లో ఒకటి. 2015 జనవరి 5న దేశమంతటికీ ఈ పథకం మొదలైంది. అదే ఉజాలా. ఈఈఎస్‌ఎల్ ఇప్పటిదాకా పంచిన బల్బులు 36 కోట్ల పైమాటే. టోకు కొనుగోలు వల్ల 2016కల్లా 310 రూపాయల బల్బు కొనుగోలు ధర 38కి దిగింది.

ఇందులో రహస్యం రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ముందు ఖర్చు పెట్టే స్తోమత ఉన్నవాళ్లు పెట్టాలి. ఆ ఖర్చు మిగిలిన డబ్బులోంచే వెనక్కి రావాలి.

2023 నవంబరులో ఈఈఎస్‌ఎల్ ఇదే దారిలో కోటి ఫ్యాన్ల కార్యక్రమం ప్రకటించింది. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్ల దాకా లాగుతుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్‌కి 30 వాట్లు చాలు. తేడా 45 వాట్లు. ఎండాకాలం రెండు ఫ్యాన్లు రోజుకు 14 గంటలు తిరిగితే నెలకు దాదాపు 38 యూనిట్లు మిగులుతాయి. మా మే నెల 228లోంచి 38 తీసేసి చూడండి. 190! గీతకు ఇవతలే ఉండేవాళ్లం.

ఇప్పుడు మిగిలేది ఎవరికి?

ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది. ఉజాలా రోజుల్లో బిల్లు ఇంటివాళ్లది. తగ్గిన బిల్లు ఇంటివాళ్లకే. ఇప్పుడు మా కాలనీలో దాదాపు అందరిదీ జీరో బిల్లు. పెద్దాయన 150 యూనిట్లు వాడినా, ఫ్యాన్లు మార్చి 112 వాడినా ఆయన కట్టేది సున్నానే. మరి మిగిలిన 38 యూనిట్ల డబ్బు ఎవరికి మిగిలినట్టు?

ప్రభుత్వానికి! మన జీరో బిల్లు నిజంగా జీరో కాదు. ఆ డబ్బు ప్రభుత్వం డిస్కంకి కట్టాలి. నేను లెక్కకు తీసుకున్న టారిఫ్ ప్రకారం 100 నుంచి 200 మధ్య వాడే ఇంట్లో వందపైన ప్రతి యూనిట్ 4 రూపాయల 80 పైసలు. 38 యూనిట్లంటే నెలకు 182 రూపాయలు. చలికాలం పక్కనపెట్టి, ఏడాదికి 270 యూనిట్లు మిగిలాయనుకున్నా దాదాపు 1,300 రూపాయలు. బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు బజార్లో కొంటే అయిదారు వేలు. నాలుగైదేళ్లలో ఖర్చు వెనక్కి వస్తుంది. టోకున కొంటే ఇంకా ముందే.

అంటే ఫ్యాన్ మార్చమని పేదింటికి చెప్పడం కాదు, ప్రభుత్వమే మార్చాలి. దయతో కాదు, తన ఖజానా కోసమే. మిగిలేది ఎవరికో పెట్టుబడి కూడా వాళ్లదే అవ్వాలి.

ఇందులో ఒక తిరకాసు కూడా ఉంది. దాచకుండా చెప్పుకుందాం. మాలాంటి ఇల్లు 228 నుంచి 190కి దిగితే, ఆ నెల మేము వెయ్యి రూపాయల బిల్లు తప్పించుకుంటాం. కానీ ప్రభుత్వం మీద కొత్తగా 770 రూపాయల దాకా భారం పడుతుంది. అదీ ఎండాకాలంలో ఒకటి రెండు నెలలకే, గీత దాటే ఇళ్లకే. ఏడాది మొత్తానికీ, ఎప్పుడూ 200 దాటని ఇళ్లన్నిటికీ చూస్తే ప్రభుత్వానికి మిగులే. పైగా పథకం ఉన్నదే ఆ ఇళ్ల కోసం కదా.

పైకప్పుకీ ఇదే సూత్రం. పై అంతస్తుల్లో కూలర్లు తక్కువ తిరిగితే మిగిలేది సబ్సిడీ డబ్బు. ఒక్కో ఇంటి దగ్గర చందా అడిగే బదులు, ఆ సబ్సిడీ లెక్కలోంచి బ్లాకుకు లక్షన్నర తీయడం తేలిక.

చలిదేశంలోనూ ఇదే గొడవ

మనకు వేడి బాధ. యూరప్‌లో చలి బాధ. అక్కడ పేదల ఇళ్లు వెచ్చగా ఉంచడానికయ్యే ఖర్చే పెద్దది. నెదర్లాండ్స్‌లో చాలామంది హౌసింగ్ సంస్థల ఇళ్లలో అద్దెకుంటారు. అక్కడ ఎనర్జీస్ప్రాంగ్ అనే పద్ధతి పుట్టింది. ఫ్యాక్టరీలో తయారుచేసిన గోడ పలకలు, పైకప్పు తెచ్చి పాత ఇంటికి కోటులా తొడిగేస్తారు. కొన్ని రోజుల్లోనే పని అయిపోతుంది. ఇంటివాళ్లు సామాన్లు సర్దుకుని వెళ్లే పనిలేదు.

డబ్బుల సంగతి ఇంకా బాగుంది. ఇంతకుముందు గ్యాస్‌కీ, కరెంట్‌కీ కట్టే సొమ్ముకు బదులు ఇంటివాళ్లు హౌసింగ్ సంస్థకు ఒక రుసుము కడతారు. వాళ్ల నెల ఖర్చు మొత్తం మీద పెరగకుండా చూస్తారు. సంస్థ ఆ సొమ్ముతో పెట్టుబడి తీర్చుకుంటుంది. దీనికి వీలుగా 2016లో డచ్ ప్రభుత్వం చట్టమే చేసింది. బ్రిటన్‌లో 2017లో నాటింగ్‌హామ్‌లో మొదటి ఇళ్లు ఈ పద్ధతిలో మారాయి. ఉజాలా బల్బు సూత్రమే ఇది, కాకపోతే ఇంటిసైజులో.

అక్కడో తేడా ఉంది. వాళ్లకు ఇంటి యజమానిగా ఒక సంస్థ ఉంది. బాధ్యత ఎవరిదో తెలుసు. మా దగ్గర ఇళ్లిచ్చేశాక పైకప్పుకు యజమాని లేడు. అందరిదీ అంటే ఎవరిదీ కాదు.

డబ్బు వచ్చినా సరిపోదు

డబ్బులొస్తే అంతా అయిపోయినట్టేనా? కాదని చెప్పేదీ బ్రిటనే. 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ కాలిపోయింది. 24 అంతస్తులు. చనిపోయినవాళ్లు 72 మంది. అది పేదలకు అద్దెకిచ్చిన ప్రభుత్వ భవనం. అంతకు ఏడాది ముందే వేడి బయటికి పోకుండా ఉండటానికని, చూపుకు బాగుండటానికని దాని చుట్టూ కొత్త తొడుగు వేశారు. ముందు అనుకున్న జింక్ పలకల బదులు చవకైన అల్యూమినియం పలకలు వాడి దాదాపు 2.93 లక్షల పౌండ్లు మిగిల్చారు. ఆ పలకల మధ్యనున్న ప్లాస్టిక్కే మంటను భవనమంతా పాకించింది.

అలాగే 2025 అక్టోబరులో అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం ఒక నివేదిక ఇచ్చింది. బిల్లులు తగ్గించడానికి ప్రభుత్వ పథకాల కింద బయటి గోడలకు ఇన్సులేషన్ వేసిన ఇళ్లలో 98 శాతం ఇళ్లకు సరిచేయాల్సిన పెద్ద లోపాలున్నాయట. సరిగా వేయని తొడుగు వల్ల గోడల్లో చెమ్మ, బూజు పడతాయి. పని చేసినవాళ్లకు డబ్బు అందింది. ఇళ్లలో ఉన్నవాళ్లకు దగ్గు మిగిలింది.

మన దగ్గర ప్రమాదం చిన్నది కావచ్చు, పోకడ అదే. తక్కువకు టెండర్, మురికి స్లాబు కడగకుండానే పూత, ఫొటో దిగి వెళ్లిపోవడం. రెండు వానలకే పెచ్చులూడిపోతుంది. దుమ్ము పడితే తెల్లదనం పోతుంది, దాంతోపాటు చల్లదనమూ పోతుంది. అందుకే పూతతో పాటు గ్యారంటీ, ఏటా ఎండాకాలానికి ముందు కడిగే ఏర్పాటు, కొన్నేళ్లకు మళ్లీ పూత ఖర్చు.. ఇవన్నీ మొదటి రోజు కాగితంలోనే ఉండాలి. బిల్లు మొత్తం పని అయిన రోజే ఇచ్చేయకుండా, కొంత సొమ్ము ఒక వేసవీ ఒక వానాకాలమూ గడిచాకే ఇవ్వాలి.

మా బ్లాకు ఎక్కడిదాకా వచ్చిందంటే..

మూడు మీటింగులయ్యాక మా వాళ్లకు ఒక విషయం తట్టింది. కారిడార్ లైట్లకూ, లిఫ్ట్‌కూ, నీళ్ల మోటారుకూ ఉన్న కామన్ మీటర్‌కి గృహజ్యోతి లేదు. మీటర్‌కి రేషన్ కార్డు ఉండదు కదా! ఆ బిల్లు 80 ఇళ్లదీ. అక్కడ మిగిలే ప్రతి రూపాయీ అందరిదీ. పగలంతా వెలుగుతున్న కారిడార్ లైట్లకు టైమర్ పెట్టాం. నిండిన ట్యాంకు పొర్లేదాకా నడిచే మోటారుకు ఆటోమేటిక్ స్విచ్ పెట్టాం. అలా మిగిలింది వేరే ఖాతాలో వేస్తున్నాం.

రెండోది, పెద్దాయన చెప్పిందే. పైన ట్యాంకులు కూడా ఎండకు కాగుతాయి. మధ్యాహ్నం గ్రౌండ్ ఫ్లోర్ నల్లాలోనూ వేడినీళ్లే. 'గా ట్యాంకులకు ముందు తెల్లరంగెయ్యుండ్రి, నేనూ ఇస్త' అన్నాడు. స్లాబు పగుళ్లలోంచి దిగే వాననీళ్లు ఎనిమిదో అంతస్తు గోడలనూ తడుపుతున్నాయి. అందుకని నీటినీ ఆపే పూత గురించి అడుగుతున్నాం. లాభం పొందేవాళ్లు ఎనిమిది ఇళ్ల నుంచి మెల్లగా పెరుగుతున్నారు. లక్షన్నరలో మా ఖాతాలో చేరింది ఇంకా కొంచెమే. మిగతాదానికి అర్జీ రాశాం. అందులో దయచేసి అనే మాట తక్కువ, సబ్సిడీ లెక్క ఎక్కువ.

మీరూ అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ఉంటే మొదట చేయాల్సింది ఫోన్లోనే ఉంది. మీ ఇంటిదీ, కింద ఒక ఇంటిదీ మూడు వేసవి నెలల యూనిట్లు పక్కపక్కన రాయండి. కామన్ మీటర్ బిల్లు అడిగి తీసుకోండి. ఫ్యాన్ కొనాల్సి వస్తే స్టార్ లేబుల్ చూడండి, 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు అది తప్పనిసరి. ఆ కాగితం తీసుకుని మీటింగ్‌కి వెళ్లండి. 'మాకేమొస్తది' అని ఎవరైనా అడిగితే కోపం తెచ్చుకోకండి. ఆ ప్రశ్నకు రూపాయల్లో జవాబు దొరికిన రోజే పని మొదలవుతుంది.